చెయ్యి కాలని గొట్టం

షెడ్డు మూసేశాక కూడా కుర్ర మెకానిక్కులు అప్పుడప్పుడు నన్ను చూడటానికి ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ అందరూ ఒకటే అడుగుతారు, ఇన్నేళ్ళ పనిలో నిన్ను బాగా ఏడిపించిన బండి ఏది అని. సాలూరులో లారీల కింద పడుకుని పని నేర్చుకున్నవాణ్ణి కదా, ఘాటీ రోడ్డు మీద బ్రేకులు పోయిన లారీ కథ ఏదో చెబుతాననుకుంటారు. నేను ఎర్ర కారు సంగతి చెబుతాను. నా చేతి మీదుగా బాగుపడిన ఆఖరి బండి అదే. పెట్రోలు ఎక్కువ తాగి నల్లపొగ కక్కే బండితో మీకూ ఎప్పుడో ఒకప్పుడు పని పడుతుంది కాబట్టి మీరూ వినండి.

జపాన్ నుంచి వచ్చిన పాత స్పోర్ట్స్ కారు అది. రెండే తలుపులు. నేలకి ఎంత దగ్గరగా ఉంటుందంటే, దాన్ని ఎక్కడం అనకూడదు, అందులోకి దిగాలి. ముందు దీపాలు కప్ప కళ్ళలా బానెట్‌లోంచి పైకి లేస్తాయి. ఇంజను పక్కన టర్బో ఉంటుంది. పొగ బయటికి పోయే జోరుతోనే ఒక చిన్న చక్రాన్ని తిప్పి, ఇంజనులోకి గాలిని బలవంతంగా తోసే ఏర్పాటే టర్బో. లారీలకీ ఉంటుంది కాబట్టి నాకు అది కొత్త కాదు.

బండి యజమాని ఓడల్లో చీఫ్ ఇంజినీరుగా చేసి, విజయనగరంలో స్థిరపడిన పెద్దాయన. ఏ రేవులోనో చూసి మనసు పారేసుకుని, ఓడ మీద విశాఖపట్నం తెప్పించుకున్నాడు. ఊళ్ళో అందరం ఆయన్ని చీఫ్ గారనేవాళ్ళం. ఆయన భార్య వయొలిన్ టీచరు. వాళ్ళ వీధిలో సగం మంది పిల్లలు ఆవిడ దగ్గరే సరళీ స్వరాలు మొదలుపెట్టారు. ఆవిడని టీచరమ్మ అంటాం. పిల్లలకి వయొలిన్ పట్టుకోవడం ఆవిడ నేర్పితే, ఆవిడకి స్టీరింగు పట్టుకోవడం చీఫ్ గారు నేర్పాడు. ఏ పని నేర్చుకోవడంలో ఎక్కువ అపస్వరాలు వచ్చాయో మాత్రం ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు.

ఇక మా బావ. బావ అంటే నా భార్యకి అన్న. ఇద్దరం ఒకే మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నాం. నేను పెళ్ళయ్యాక విజయనగరం వచ్చి కార్ల షెడ్డు పెట్టుకున్నాను. బావ సాలూరునీ వదల్లేదు, లారీలనీ వదల్లేదు. మేం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం.

పోయిన ఏడాది మండువేసవిలో చీఫ్ గారూ టీచరమ్మా ఆ కారులో ఘాటీ మీదికి షికారు వెళ్ళి దిగుతుంటే, సాలూరు వచ్చేసరికి ఇంజను వేడెక్కి ఆవిర్లు కక్కి ఆగిపోయింది. అది ఆగింది సరిగ్గా మా బావ షెడ్డు ముందు. చీఫ్ గారు దిగి, బానెట్ ఎత్తి లోపలికి వంగాడు. వంగినవాడు వంగినట్టే పక్కకి ఒరిగిపోయాడు. బావ వాళ్ళిద్దరినీ ఆటోలో ఊళ్ళోని ఆసుపత్రికి పంపించాడు. అక్కడ పక్షవాతం అన్నారు, ఇంజక్షన్ చేసి, ఆలస్యం లేకుండా విజయనగరం తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సు ఘాటీలో ఏదో యాక్సిడెంటుకి పోయి ఉంది. ఈలోగా బావ ఆ కారుని ఏం చేశాడో చేశాడు, నీళ్ళు పోసి స్టార్టు చేసి, ఆసుపత్రి గుమ్మం ముందు పెట్టాడు. ముందు సీటు వెనక్కి వాల్చి చీఫ్ గారిని పడుకోబెట్టి, టీచరమ్మని వెనక ఇరుకులో కూర్చోబెట్టి, హారన్ మీంచి చెయ్యి తియ్యకుండా విజయనగరం తెచ్చి పడేశాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టర్లు చెప్పారు.

బావ ఈ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. రామభద్రపురం దగ్గర గొర్రెల మంద అడ్డొచ్చిన ఘట్టం చెప్పేటప్పుడు నిజంగానే లేచి నిలబడేవాడు. అయితే బండిని ఏం చేసి నడిపించాడో ఒక్కసారీ చెప్పలేదు. నేనూ అడగలేదు. వంటవాడు కూర రుచి గురించి చెప్పేటప్పుడు ఉప్పు వేశానని వేరే చెప్పడు కదా.

చీఫ్ గారు బతికాడు. కాని కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పోయింది. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఊపిరితిత్తులకి నెమ్ము చేసింది, దాంతో పొగ అంటే పడకుండా పోయింది.

మార్గశిర మాసంలో, పొద్దున్నే మంచు పడే రోజుల్లో, టీచరమ్మ మా షెడ్డుకి వచ్చింది. అప్పటికే షెడ్డు మూసేద్దామనే ఆలోచనలో ఉన్నాను. మోకాళ్ళు వద్దంటున్నాయి.

"మీ బావగారు పంపించారు. సాలూరు ఫోన్ చేస్తే, ఇజీనారంలో మా బావుండగా ఇంకోల దగ్గిరికి ఎల్తారేటమ్మా అన్నారు" అంది.

"ఏటయ్యిందమ్మా బండికి?"

"నల్లపొగ. ఆయన ఆసుపత్రి నుంచి వచ్చాక బయటికి తీసినప్పటి నుంచీ అదే వరస. కారులో కూర్చుంటే పెట్రోలు వాసన. కుదుపులు, ఆగిపోవడం. విశాఖపట్నంలో చూపించాను. పాత బండి, కంప్యూటరుకి అందదు అన్నారు. ఆదివారం విశాఖపట్నం నుంచి ఒకాయన వచ్చి బండి పట్టుకెళ్తారు. ఇలాంటివి ఇష్టపడి దాచుకునే మనిషట. ఈలోగా పొగ ఆగితే ఉంచుకుంటాను. ఆగకపోతే ఇచ్చేస్తాను."

"ఇచ్చీడం ఎందుకమ్మా? ఓ పక్కన ఉంటే ఉంటాది. బండేటి, మనిసిని తినేస్తాదా?"

"ఆయన్ని తినేస్తోంది బాబూ. పొద్దున్న లేవగానే పోర్టికోలోకి తీసుకెళ్ళమని చెయ్యి చూపిస్తారు. అక్కడికెళ్ళాక కారు తలుపు చూపిస్తారు. కష్టపడి ఎక్కించి స్టార్టు చేస్తే దగ్గు, ఊపిరాడదు. దింపేస్తే ఆ రోజంతా అన్నం ముట్టరు, గోడ వైపు తిరిగి పడుకుంటారు. మిగతా దేనికీ ఆయన ఉలకరు, పలకరు. నేను వయొలిన్ వాయించినా తల తిప్పరు. కళ్ళెదుట ఉండి ఎక్కలేకపోవడం కన్నా, అసలు లేకపోతేనే మరిచిపోతారేమో."

ఆవిడ ఏడవలేదు. ఆ వయసులో ఒక మనిషికి ఈ లోకంలో మిగిలిన ఒక్క కోరికని ఆదివారం ఎవరో తోలుకుపోతారంటే ఎలా ఉంటుంది? వస్తానమ్మా అన్నాను. మోకాళ్ళు అంతకుముందే వద్దన్న సంగతి మరిచిపోయాను.

వాళ్ళింటి పోర్టికోలోనే పని పెట్టుకున్నాను. చీఫ్ గారు చక్రాల కుర్చీలో, శాలువా కప్పుకుని, గుమ్మం పక్కన కూర్చునేవాడు. లోపల పిల్లలెవరో వయొలిన్ మీద ఒకే వరసని మళ్ళీ మళ్ళీ వాయిస్తుండేవారు. నమస్కారం పెడితే చూపు నా మొహం మీదికి రాలేదు, నా చేతిలో పానా మీదికి వెళ్ళింది. చాలు అనుకున్నాను.

ప్లగ్గులు విప్పితే కాటుక పెట్టుకోవచ్చు, అంత మసి. అంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, దాన్ని కాల్చడానికి సరిపడా గాలి లేదు. టర్బో బండిలో ముందు వెతకాల్సింది గాలి ఎక్కడైనా కారిపోతోందేమో అని. కొలత చూసుకుని లోపలికి వచ్చిన గాలి దారిలో తప్పించుకుంటే, పెట్రోలు మాత్రం ఆ కొలతకే పడుతుంది, పొగ వస్తుంది. టర్బో నుంచి ఇంజనుకి పోయే రబ్బరు గొట్టాలన్నిటికీ సబ్బునీళ్ళు రాశాను. ఒక్క బుడగ లేదు. గాలిని కొలిచే పెట్టె తీసి శుభ్రం చేశాను. పెట్రోలు ఒత్తిడి చూశాను, సరిగ్గా ఉంది. ఇంజెక్టర్లు ఊడదీసి కడిగి, కారుతున్నాయేమో చూశాను. కారడం లేదు. అన్నీ బిగించి స్టార్టు చేస్తే మళ్ళీ అదే పొగ. చీఫ్ గారికి దగ్గు. టీచరమ్మ కుర్చీని లోపలికి లాక్కుపోయింది.

మీకు ఇంకొకటి చెప్పాలి. ఈ బండ్లలో ఇంజను నీళ్ళ వేడిని చూసి కంప్యూటరు పెట్టెకి చెప్పే చిన్న సెన్సారు ఒకటి ఉంటుంది. చలిలో పొద్దున్నే స్టార్టు చేసేటప్పుడు పాత కార్లకి చోక్ లాగేవాళ్ళం కదా, ఇంజను వేడెక్కే దాకా పెట్రోలు కాస్త ఎక్కువ పోవాలని. ఈ బండ్లలో ఆ చోక్ లాగే పని కంప్యూటరుదే. ఇంజను చల్లగా ఉందని సెన్సారు చెప్పినంతసేపూ అది పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది.

మీటరు పెట్టి చూస్తే, బండి ఎంతసేపు తిరిగినా సెన్సారు చల్లగానే ఉందంటోంది. దొంగ దొరికాడనుకున్నాను. విశాఖపట్నం నుంచి కొత్త సెన్సారు తెప్పించి వేశాను. అదీ చల్లగానే ఉందంది. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే నమ్మాలి కదా. నేను నమ్మలేదు. వైరింగులో లోపం ఉందనుకుని, డాష్‌బోర్డు కిందికి తల దూర్చి ఒక్కొక్క వైరే పట్టుకుని చూడటం మొదలుపెట్టాను. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే అదే.

అలా తల దూర్చి ఉండగా టీచరమ్మ కాఫీ తెచ్చి పక్కన నిలబడింది.

"ఒక్కటే నయం బాబూ. ఇంజను వేడి చూపించే ఆ ముల్లు చూడండి, ఎప్పుడూ కిందనే ఉంటోంది. ఆ రోజు ఎర్రగీత దాటిపోయింది. ఆ ముల్లు పైకి కదిలిందంటే నాకు ఇప్పటికీ భయం."

"అవునమ్మా, ఆ విషయంలో బండి బంగారం" అన్నాను. రేడియేటరు ఫ్యాన్ కూడా స్టార్టు చేసిన దగ్గర్నుంచి ఆగకుండా తిరుగుతోంది. లారీ ఫ్యాన్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, నా కంటికి అది తప్పనిపించలేదు.

మా ప్రాంతపు మెకానిక్కుల గుణం ఇక్కడ చెప్పకపోతే కథ అర్థం కాదు. మాకు వేడి అంటే భయం. ఎండ, ఘాటీ, లోడు, వీటి మధ్య పెరిగినవాళ్ళం. ముల్లు ఎంత కింద ఉంటే బండి అంత ఆరోగ్యంగా ఉన్నట్టు. చంటిపిల్లకి ఒళ్ళు చల్లగా ఉందని సంబరపడే తల్లిలాగా ముల్లు కింద ఉందని సంబరపడతాం. మా మేస్త్రి నేర్పింది అదే, ఆయనకి ఆయన మేస్త్రి నేర్పిందీ అదే.

శనివారం వచ్చింది. వైర్లన్నీ బాగానే ఉన్నాయని తేలింది. నా దగ్గర ఇంక చూడటానికి ఏమీ మిగల్లేదు. ఇంజను తిరుగుతూ ఉండగానే టీచరమ్మతో చెప్పాను.

"నా వల్ల కావట్లేదమ్మా. నేను సూడాల్సిందల్లా సూసీసేను."

"మీరు మాత్రం ఏం చేస్తారు, మీకు చేతనైంది చేశారు" అని ఆవిడ లోపలికి వెళ్ళింది. లోపల వయొలిన్ ఆగిపోయింది. పిల్లల్ని పంపించేసినట్టుంది.

అప్పుడు ఇంజను మోత మధ్య కిర్రుమని చప్పుడైంది. చీఫ్ గారు తన ఎడమ చేత్తో కుర్చీ చక్రాన్ని తోసుకుంటున్నాడు. ఒక్క చక్రాన్నే తోస్తే కుర్చీ గుండ్రంగా తిరిగిపోతుంది కదా. ఎడమ పాదం నేలకి ఆనించి, దాంతో దారి సరిచేసుకుంటూ, దగ్గుతూనే కొంచెం కొంచెంగా కారు ముందుకి వస్తున్నాడు. సాయం పడదామని లేచాను. చెయ్యెత్తి వద్దన్నాడు. బానెట్ తెరిచే ఉంది. ఆ కారు ఎత్తెంత, చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషికి ఇంజను ఒళ్ళో ఉన్నట్టే ఉంటుంది. ఆయన ముందుకి వంగి, ఇంజను నుంచి రేడియేటరుకి పోయే పై నీళ్ళ గొట్టాన్ని గుప్పిట్లో పట్టుకున్నాడు.

"బాబూ, చెయ్యి" అని అరిచాను. నా అరుపు విని టీచరమ్మ పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, కాలిపోతుంది, తియ్యండి, తియ్యండి" అంటూ ఆయన మణికట్టు పట్టుకుని లాగింది.

ఆయన వదల్లేదు. గొట్టాన్ని పట్టుకునే నా కళ్ళలోకి చూశాడు. ఆ ఇంటికి వెళ్ళినప్పటి నుంచీ ఆయన నా మొహంలోకి చూడటం అదే మొదటిసారి.

అప్పుడు వెలిగింది నాకు. ఆ గొట్టాన్ని మనిషి పట్టుకుని కూర్చోకూడదు. ఇంతసేపూ తిరుగుతున్న ఇంజనుకి ఆ గొట్టం ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనాలి. నేనూ వెళ్ళి పట్టుకున్నాను. గోరువెచ్చగా, స్నానానికి చన్నీళ్ళు కలిపి తొరిపిన నీళ్ళలా ఉంది. సెన్సార్లు రెండూ నిజమే చెప్పాయి. కింద ఉన్న ముల్లూ నిజమే చెప్పింది. ఇంజను నిజంగానే చల్లగా ఉంది. పాపం ఆ కంప్యూటరు, చలేస్తోందని చెప్పినవాడికి ఇంకో దుప్పటి కప్పినట్టు, పెట్రోలు పోస్తూనే ఉంది.

ఆ గొట్టం మొదట్లో, ఇంజను తలకాయ దగ్గర, థర్మోస్టాట్ అని చిన్న తలుపు లాంటిది ఉంటుంది. ఇంజను వేడెక్కే దాకా అది మూసుకుని నీళ్ళని రేడియేటరుకి పోనివ్వదు, వేడెక్కాక తెరుచుకుంటుంది. విప్పి చూశాను. తలుపు లేదు. ఖాళీ. మా లారీ షెడ్లలో బండి వేడెక్కిందంటే మొట్టమొదట పీకి పారేసేది దాన్నే. ఎండదేశంలో వేడి నిలబెట్టే తలుపు దేనికని మా వాదన.

ఎవరు తీశారో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సాలూరుకి ఫోన్ చేశాను.

"బావా, ఆ రోజు ఎర్రకారుకి థర్మోస్టాట్ తీసీసేవా?"

"తియ్యక ఏటి సేస్తాను? మూసుకుపోయి అట్టుకుపోనాది. అందుకే కదా ఏడెక్కిపోనాది. పీకి అవతల పారీసి, ఫ్యాన్ కూడా ఆగకుండా తిరిగీలా డైరెక్టు సేసీసినాను, ఇంకెప్పుడూ ఏడెక్కకూడదని. ఏం, మళ్ళీ ఏడెక్కతన్నాదేటి?"

"ఏడెక్కట్లేదు బావా. అదే రోగం. ఇంజను సల్లగా ఉన్నాదని పెట్రోలు ఎక్కువ పోతన్నాది. పొగ దానివల్లే."

అవతల లారీ హారన్లు వినపడుతున్నాయి.

"అంటే బావా, ఇన్నాళ్ళూ ఆ బాబు బండెక్కలేకపోనాడంటే నా సేతిమీదేనా?"

"నీ సేతిమీదే బతికేడు కూడాను" అన్నాను. "అది తియ్యకపోతే బండి కదిలేది కాదు, బండి కదలకపోతే ఆయన ఉండేవోడు కాదు. నువ్వు సేసింది ఆ రోజుకి రైటే. తరవాత మళ్ళీ ఎట్టాలని ఎవలికీ తోచలేదు, అంతే. ముందు సామాను సూడు. రేపు ఆదోరం బండి పట్టుకుపోతారు."

సాలూరులో దొరకని స్పేరు పార్టు ఇంకా పుట్టలేదని ఒక నానుడి, సాలూరు వాళ్ళే పుట్టించుకున్నది. ఆ రోజు మాత్రం నిజమైంది. పాత జపాన్ ఇంజను ఉన్న ఏదో వ్యాను థర్మోస్టాట్ ఈ కారుకి అచ్చంగా సరిపోయింది. మధ్యాహ్నం భోజనాల వేళకి బావ మోటారు సైకిలు మీద వచ్చేశాడు. దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాడు. చొక్కా జేబులోంచి రుమాలులో చుట్టిన సామాను తీసి గేటు బయటి నుంచే అందించాడు.

"లోనికి రా బావా."

"నాను రాను. ఏ మొకం ఎట్టుకుని రాను? నువ్వు బిగించీ, నానిక్కడ నిలబడతాను."

గొర్రెల మంద కథ నిలబడి చెప్పే మనిషి, అలా తల దించుకుని గేటు చువ్వలు పట్టుకుని నిలబడితే నాకు ప్రాణం ఉసూరుమంది. టీచరమ్మ వచ్చి పిలిచినా కదల్లేదు. అప్పుడు మళ్ళీ ఆ కిర్రుమనే చప్పుడు. చీఫ్ గారు కుర్చీ తోసుకుంటూ పోర్టికో చివరి దాకా వచ్చాడు. అక్కడ మెట్టు ఉంది, ఇక ముందుకి రాలేడు. అక్కడే ఆగి ఎడమ చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి దించడం లేదు. బావ గేటు తెరుచుకుని వచ్చి ఆ చెయ్యి పట్టుకుని, మెట్టు మీదే కూలబడ్డాడు. పడిపోయిన రోజు కళ్ళు మూసుకుని ఉన్న మనిషి బావని ఎలా గుర్తుపట్టాడో నాకు తెలీదు. సాలూరు నుంచి విజయనగరం దాకా ఆ గొంతే కదా విన్నాడు, బాబూ కళ్ళు తెరు, బాబూ కళ్ళు తెరు అని. టీచరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను సామాను కడిగే మిషతో కుళాయి దగ్గరికి వెళ్ళిపోయాను.

ఇద్దరం కలిసి బిగించాం. తలుపు నేను పెట్టాను. ఫ్యాన్ వైర్లని మునుపటిలా అవసరమైనప్పుడే తిరిగేలా బావ కలిపాడు. ఇల్లు అలకగానే పండగ కాదు కాబట్టి ఎవరం సంబరపడలేదు. టీచరమ్మ డ్రైవరు సీట్లో కూర్చుని స్టార్టు చేసింది.

మొదట పొగ వచ్చింది. ఫ్యాన్ తిరగడం లేదు. అలవాటైన ఆ గాలిమోత లేకపోయేసరికి పోర్టికో బావురుమంది. కాసేపటికి ముల్లు కదిలింది.

"పైకి వస్తోంది" అంది టీచరమ్మ. "ఆపెయ్యనా? పైకి వస్తోంది."

"రానీండమ్మా" అన్నాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ముల్లు పైకి పోతే బండి ఆపిన మనుషులం. బావ అయితే తాళం వైపు చెయ్యి చాపాడు కూడా. ఆ చేతిని నేను పట్టుకున్నాను. ముల్లు సగానికి వచ్చింది. ఇంకొంచెం పైకి పోయింది. అప్పుడు ఫ్యాన్ తనంతట తను గిర్రుమని తిరిగి, కాసేపుండి ఆగిపోయింది. ముల్లు మళ్ళీ సగానికి దిగి అక్కడే కుదురుకుంది.

వెనక్కి వెళ్ళి పొగగొట్టం చూశాను. నలుపు పలచబడి బూడిద రంగయ్యింది, తరవాత అదీ పోయింది. చెయ్యి అడ్డం పెడితే వెచ్చటి గాలి తగిలింది, మసి అంటలేదు. ఇంజను చప్పుడు కూడా కుదుటపడింది. ఆ మాట నేను చెప్పేలోపే టీచరమ్మ "శృతిలో పడింది" అంది.

అప్పుడు చీఫ్ గారు కుర్చీని కారు ముందుకి తెచ్చుకున్నాడు. ఆయన ఏం చెయ్యబోతున్నాడో మా ముగ్గురికీ అర్థమైంది. ఈసారి ఎవరం అడ్డం వెళ్ళలేదు. వేలి చివరతో ఆ గొట్టాన్ని ముట్టుకున్నాడు.

"అబ్బ" అన్నాడు, చెయ్యి వెనక్కి లాక్కుని.

ఆయన నోట్లోంచి మాట విని ఎన్ని నెలలైందో టీచరమ్మకే తెలియాలి. ఆవిడ కారు దిగి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ వేలు పట్టుకుని, "కాలిందా? కాలిందా?" అని అడుగుతోంది, నవ్వుతోంది, ఏడుస్తోంది. ఒక మనిషి వేలు కాలితే చుట్టూ ఉన్నవాళ్ళం అంతగా సంతోషించడం నేను మళ్ళీ చూడలేదు. డాక్టర్లని తరవాత అడిగితే, అలాంటి మాటలు ఒక్కోసారి వాటంతట అవే బయటికి వస్తాయి, ఎక్కువ ఆశ పెట్టుకోకండి అన్నారట. సరే, వాళ్ళు చెప్పాల్సింది వాళ్ళు చెప్పారు.

టీచరమ్మ విశాఖపట్నం మనిషికి అక్కడి నుంచే ఫోన్ చేసి, కారు ఇవ్వడం లేదండీ, క్షమించండి అంది. బావా నేనూ కలిసి చీఫ్ గారిని ముందు సీట్లోకి దింపాం. గేటు తీశాం. వాళ్ళు సాయంత్రపు ఎండలో మెల్లగా వీధి చివరి దాకా వెళ్ళి, మలుపు తిరిగి, కనపడకుండా పోయారు. దగ్గు వినపడలేదు. బావ చాలాసేపు ఆ మలుపు వైపే చూస్తూ నిలబడ్డాడు.

"బావా, మన మేస్త్రి ఇది సూసుంటే ఏటనేవోడు?"

"ముల్లు సూసి ముందు నిన్ను తన్నేవోడు" అన్నాను.

తరవాత షెడ్డు మూసేశాను. ఇప్పుడు వాళ్ళిద్దరూ ఎక్కడెక్కడికో వెళుతుంటారు, పోయిన నెల కళింగపట్నం వెళ్ళి సముద్రం చూసి వచ్చారు. టీచరమ్మ ఒక ఆచారం పెట్టుకుంది. బండి స్టార్టు చేసి, బానెట్ ఎత్తి, ముందు ఆయన చేత ఆ గొట్టం ముట్టిస్తుంది. ఆయన అబ్బ అంటే గాని గేటు తియ్యదు. ఈమధ్య ఆయన తొందరెక్కువై, చెయ్యి పెట్టకముందే అబ్బ అంటున్నాడట.